గుండు మూతి దాటు లోపల

తుపాకి గొట్టమును కుదించుట యనగానే పలువురకు ఱంపమును, ఆకురాయియు మనస్సునకు వచ్చును. చేతితో బోల్టు లాగి ఒక్కొక్క తూటానే పేల్చు పాతకాలపు రైఫిళ్ల విషయమున ఈ తలపు పెద్దగా తప్పు కాదు. వానియందు గొట్టము గుండునకు వేగమును, గుఱిని ఇచ్చుటకే కాని తుపాకి యంత్రమును నడపుటకు కాదు. కాని మందు పేలగా పుట్టిన వాయువులో కొంత భాగమును ప్రక్కకు మళ్లించి, దాని బలముతోనే బోల్టును వెనుకకు త్రోసి, ఖాళీ తూటాను వెలికి విసరి, క్రొత్త తూటాను ఎక్కించుకొను రైఫిలునందు గొట్టము పొడవే యంత్రమునకు కాలమానము. అట్టి గొట్టమునుండి ఒక్క అంగుళము తగ్గించినను యంత్రము పని చేయుటకు గల వ్యవధి తగ్గినదన్నమాటే. ఆ పోయిన వ్యవధిని తిరిగి సంపాదించుటకు ఆయుధశిల్పులు అఱువదేండ్లుగా చేసిన కృషి యంత్రవిద్యలో మిక్కిలి సూక్ష్మమైన అధ్యాయములలో నొకటి. దానికి తగిన ఖ్యాతి మాత్రము దక్కలేదని నా దృఢాభిప్రాయము.

ఈ విద్యకు మూలపురుషుడు అమెరికాలోని యూటా రాష్ట్రమున ఆగ్డెన్ పట్టణవాసియైన జాన్ బ్రౌనింగ్. 1889లో ఆయన, పేలిన తుపాకి మూతినుండి వెడలిన గాలివిసురునకు ఎదుటనున్న గడ్డి వంగుట చూచి, ఆ వృథాపోవు శక్తిని యంత్రమునకు ఊడిగము చేయించవచ్చునని ఊహించి, ఒక వించెస్టర్ రైఫిలును ఆ పద్ధతికి మార్చి చూచెను. ఆ ఊహయే పరిపక్వమై 1895 నాటి కోల్ట్ మెషీన్‌గన్‌గా వెలసినది. పిదప వచ్చిన శిల్పులలో ఆ వాయువును గొట్టము మూతియొద్ద పట్టవలెనా, లేక గొట్టమునకు ప్రక్కగా రంధ్రము తొలిచి పట్టవలెనా యన్నది చిరకాలము వివాదాంశముగా నుండెను. 1936లో అమెరికా సైన్యము స్వీకరించిన గారండ్ రైఫిలు మొదట మూతియొద్దనే వాయువును పట్టెడిది. కొలది యేండ్లలోనే ఆ యేర్పాటును విడిచి గొట్టమునకు రంధ్రము తొలుచు పద్ధతికి మాఱినది.

రంధ్రము తొలిచిన గొట్టమునందు జరుగు క్రియను ఒకింత నిదానముగా పరికింపవలెను. మందు అంటుకొనగానే వాయుపీడనము ఉవ్వెత్తున పెరిగి, గుండు ముందునకు సాగినకొలది క్రమముగా తగ్గుచు వచ్చును. గుండు రంధ్రమును దాటిన క్షణమున వాయువు ఆ రంధ్రములోనికి చొరబడుట మొదలగును. గుండు మూతిని దాటిన క్షణమున, సీసా బిరడా ఊడినట్లు, గొట్టములోని వాయువంతయు బయలునకు వెడలిపోవును. ఈ రెండు క్షణముల నడిమి కాలమే యంత్రమునకు లభించు జీతము. అందుచేత శిల్పి విచారింపవలసిన విషయములు రెండు: రంధ్రము తూటా గదికి ఎంత చేరువ నున్నది, రంధ్రమునకు ఆవల ఎంత గొట్టము మిగిలినది. మొదటిది వాయువు తీవ్రతను, రెండవది అది పని చేయు వ్యవధిని నిర్ణయించును. గొట్టమును కుదించువాడు ఈ రెంటిలో ఏదో యొకదానిని చెడగొట్టక తప్పదు. తఱచుగా రెంటిని చెడగొట్టును.

యూజీన్ స్టోనర్ అను శిల్పి 1950ల నడుమ రూపొందించిన యంత్రము ఈ లెక్కకు చక్కని ఉదాహరణము. అతని పద్ధతిలో ముషలము (పిస్టను) వంటి వేఱు భాగము లేదు. సన్నని ఉక్కుగొట్టముగుండ వాయువు వెనుకకు వచ్చి, బోల్టునకును దానిని మోయు వాహకమునకును నడుమ గల ఖాళీలో విస్తరించి, వాహకమును వెనుకకు నెట్టును. వాహకము కొంత దూరము కదలిన తరువాతనే బోల్టు తిరిగి తాళము వీడును. ఆ కొంచెపు ఆలస్యములో గుండు మూతిని దాటును, పీడనము పడిపోవును, ఆ ఒత్తిడికి ఉబ్బి గోడల నంటుకొన్న ఇత్తడి డొల్ల సడలును. ఈ యంత్రమునే గల ఎమ్16 రైఫిలున గొట్టము ఇరువది అంగుళములు; రంధ్రము సుమారు పదుమూడవ అంగుళమున; దానికావల మిగిలినది ఏడంగుళములు. గుండు ఆ ఏడంగుళములను దాటుటకు సెకనులో సుమారు ఐదువేలవ వంతు పట్టును. ఆ వంతుకాలమును నమ్ముకొనియే ఆ యంత్రమంతయు నిలిచియున్నది.

1960ల నడుమ వియత్నాము అడవులలో సంచరించు దళములకు పొట్టి తుపాకి కావలసివచ్చెను. కోల్ట్ సంస్థ శిల్పులు గొట్టమును పది అంగుళములకు కుదించిరి. రంధ్రమును సుమారు ఎనిమిదవ అంగుళమునకు వెనుకకు జరిపిరి. ఇక రంధ్రమునకు ముందు మిగిలినది రెండంగుళములకు కొంచెము పైన. ఇట్టి తుపాకిలో దోషము ఎట్లు పుట్టునో దగ్గఱగా చూడుడు. రంధ్రము చేరువగుటచే వాయువు మునుపటికంటె వేడితోను, బలముతోను వచ్చును. కాని వచ్చిన మఱునిమేషమే గుండు మూతిని దాటుటచే ఆ బలము తెగిపోవును. రంధ్రము చిన్నదైనచో వాహకము సగము దూరముననే నిలిచి, ఖాళీ డొల్ల వెలికి పోక బోల్టునకు చిక్కుకొనును. రంధ్రమును పెద్దది చేసినచో బోల్టు కడు వేగముగా తాళము వీడును. అప్పటికి ఇత్తడి డొల్ల గోడను విడువనే లేదు. దాని అంచును పట్టుకొన్న కొక్కెము ఆ అంచును చించుకొని వెనుకకు పోవును, డొల్ల గదిలోనే మిగిలిపోవును. ఒకవేళ డొల్ల వెలువడినను, బోల్టు వెళ్లి వచ్చు వేగమునకు మ్యాగజైను స్ప్రింగు తూటాను పైకి అందింపజాలక, బోల్టు ఖాళీ గదిపై మూసికొనుటయు కలదు. తక్కువకును ఎక్కువకును నడుమ శిల్పికి దొరకిన త్రోవ వెండ్రుకవాసి.

ఆ శిల్పులు కనుగొనిన ఉపాయము నాకు ఎన్నిసార్లు తలచినను ఆశ్చర్యము గొలుపును. పొట్టి గొట్టమునుండి వెలువడు మంటయు, చెవులు పగులు ధ్వనియు తగ్గింపవలెనని వారు మూతికి నాలుగుంబాతిక అంగుళముల పొడవు గల యొక సాధనమును తగిలించిరి. అది గుండునకు మార్గము నిచ్చుచునే వాయువును ఒక లిప్తపాటు ఆపియుంచును. ఆ ఆపుడు వెనుకనున్న రంధ్రమునందు పీడనమును నిలిపి, కోల్పోయిన వ్యవధిలో కొంత తిరిగి తెచ్చిపెట్టినది. ధ్వనికై పుట్టినది యంత్రమునకు ప్రాణాధార మైనది. 1967లో గొట్టమును పదకొండున్నర అంగుళములకు పెంచి ఎక్స్‌ఎమ్177ఇ2 అను పేరుతో దిద్దితీర్చిన తుపాకియందును ఈ సాధనము నిలిచినది. రహస్యదళముల సైనికులు దానిని మోసికొని తిరిగిరి. పిమ్మట అమెరికా అధికారులు ఈ సాధనమును ధ్వనిశమనిగా పరిగణించుటచే ఇతర దేశముల కమ్ముటకు నిర్బంధములు కలిగెను. 1970లో ఆ తుపాకి తయారియు నిలిచిపోయెను.

ఆ దినములలోనే మఱియొక పాఠము వ్యక్తమైనది. స్టోనర్ తన యంత్రమును ఒక జాతి మందునకు తగినట్లు తీర్చియుండగా, సైన్యము వేఱొక గుండ్రని రేణువుల మందును వాడసాగెను. రంధ్రమును చేరునప్పటికి దాని పీడనము ఎక్కువ, అందుచే తుపాకి వేగము నిమిషమునకు 850 తూటాల నిర్ణీత పరిమితిని మించిపోయెను, మలినము పేరుకొనెను, తుపాకులు యుద్ధరంగముననే మొరాయించెను. 1967లో అమెరికా శాసనసభ్యుల ఉపసంఘము విచారించి ఈ మార్పును తీవ్రముగా నిందించినది. వేగమును అణచుటకు, వాహకమునకు వెనుకనుండి దాని తాకిడిని ఓర్చు బఫరును మార్చి, లోపల జారు బరువులు గలదానిని అమర్చిరి. వాహకము ముందునకు వచ్చి తాకగానే ఆ బరువులు ఒక్క క్షణము వెనుకగా వచ్చి తాకుటచే అది ఎగిరిపడుట మానెను. నేటికిని పొట్టి తుపాకులలో ఆ ఉక్కు బరువులకు మాఱుగా టంగ్‌స్టన్ ముక్కలు వేసి వాహకము పరుగును మందగింపజేయుదురు. గొట్టమున పోయిన వ్యవధిని తుపాకి మడమలో వెదకుట యనగా నిదియే.

రష్యా శిల్పుల త్రోవ వేఱు. 415 మిల్లీమీటర్ల గొట్టము గల ఏకే-74ను వారు 1970లలో దాదాపు సగమునకు, 206.5 మిల్లీమీటర్లకు కుదించి ఏకేఎస్-74యు అను తుపాకిని రూపొందించిరి. వారి యంత్రమున పొడవైన ముషలము వాహకముతో ఏకమై కదలును. ఆరంభమునుండియు అవసరమునకు మించిన వాయువును తీసికొను స్వభావము దానిది. ఐనను అంత కుఱుచ గొట్టమున వాయువు చాలదని మూతియొద్ద ఒక విస్తరణ గదిని చేర్చిరి. మంటను అణచుటయు, పీడనమును నిలుపుటయు దాని పని. వేలాది క్రోసుల దూరమున నున్న ఇరుపక్షములవారు దాదాపు ఒకే ఉపాయమునకు వచ్చి చేరుట గమనార్హము. గుండు నిలకడకై గొట్టములోని మెలిక ఒక చుట్టు తిరుగు దూరమును 200 నుండి 160 మిల్లీమీటర్లకు తగ్గించిరి. వేగము మాత్రము సెకనునకు 900 మీటర్లనుండి 735కు పడిపోయినది. దానిని ఏ గదియు తిరిగి ఈయలేకపోయినది.

ఇది కర్మాగారములయొక్కయు, పరీక్షాశాలలయొక్కయు విద్య. మన దేశమున 1959 నాటి ఆయుధచట్టము ఆఱవ సెక్షను, తగిన లైసెన్సు లేక తుపాకి గొట్టమును కుదించుటను నిషేధించుచున్నది. అమెరికాలోనైనను పదునాఱు అంగుళములకంటె పొట్టి గొట్టము గల రైఫిలును 1934 నాటి చట్టము ప్రత్యేకమైన నమోదునకు లోబరచుచున్నది. ఈ కట్టుబాట్లు న్యాయమైనవి. వేలాది తూటాలు పేల్చి, వేగమును కొలిచి, విఱిగిన భాగములను లెక్కించి తేల్చు విషయమును ఒక గదిలో ఊహించి చేయువాడు తనకును, ప్రక్కవానికిని అపాయము తెచ్చును.

ఇక నేటి తుపాకులకు వచ్చినచో, అమెరికా సైన్యము 1994లో స్వీకరించిన ఎమ్4 కార్బైనులో గొట్టము పదునాలుగున్నర అంగుళములు. రంధ్రమునకావల మిగులునది దాదాపు ఏడంగుళములే. ఇరువది అంగుళముల తల్లి తుపాకికిని దీనికిని వ్యవధి దాదాపు సమానమగుట సామాన్య విషయము కాదు. ఐనను రంధ్రము తూటా గదికి చేరువగుటచే వాయువు తీవ్రత హెచ్చు. ఎక్కువగా కాల్చిన తుపాకులలో వేడి వాయువు రంధ్రపు అంచులను తినివేయగా, రంధ్రము విశాలమై, యంత్రము నానాటికి అధికవేగమున నడచును. జర్మను సంస్థ హెక్లర్ అండ్ కోఖ్ ఆ తుపాకిలోనే కుఱుచ ముషలమును పెట్టి హెచ్‌కే416 అను రూపమున వేడి వాయువును బోల్టు దరి చేరనీకుండ చేసినది. నార్వే సైన్యము దానిని 2007లో స్వీకరించినది. స్టోనర్ పద్ధతినే పట్టుకొన్నవారు వేఱొక పని చేసిరి: పదునాలుగున్నర అంగుళముల గొట్టముపైననే రంధ్రమును రెండంగుళములు ముందునకు జరిపిరి. వ్యవధి కొంత తగ్గినది, కాని వాయువు చల్లబడి, పీడనము దిగి, బోల్టు నెమ్మదిగా తాళము వీడుచు, కొక్కెమును, ఇత్తడి అంచును కాపాడుచున్నది. అమెరికా ప్రత్యేక దళములు ఇటీవల తమ కార్బైనులకు ఈ మధ్యమ పద్ధతిని చేపట్టినవి. 1960లలో వెనుకకు జరిపిన దూరములో ఇది కొంత మాత్రమే.