ఊపిరి ఏ ట్రాక్‌లో ఉంది?

నృత్యం మీద మనం రాసే సమీక్షల్లో ముద్రలుంటాయి, ముఖాభినయం ఉంటుంది, ఆహార్యం గురించి నాలుగు మాటలుంటాయి. గాత్రం ఎవరిదో, మృదంగం ఎవరిదో చివర్లో ఒక వాక్యంలో ముగించేస్తాం. నృత్యాన్ని వీడియోలో చూసి రాసినప్పుడూ అంతే. తెరమీద పాదం నేలను తాకిన క్షణానికే గజ్జె మోగిందంటే దానివెనక ఎవరో కూచుని చేసిన పని ఉందని, అందులో ఏది ఉంచాలో ఏది తీసేయాలో ఎవరో నిర్ణయించారని మనకు తట్టదు. ఆ పని చేసేదాకా నాకూ తట్టలేదు.

నా స్నేహితురాలు కూచిపూడి నర్తకి. యాభై దాటాక క్షేత్రయ్య పదం ఒకదాన్ని పన్నెండు నిమిషాల వీడియోగా తీయాలనుకుంది. "జతులకు మోకాళ్లు ఒప్పుకోవడం లేదు గానీ, పదం ఇప్పుడిప్పుడే అర్థమవుతోంది" అంది. రేడియో నాటకాలకు శబ్దం సమకూర్చిన అనుభవం ఉంది కదా అని ఆ బాధ్యత నాకప్పగించింది. చిత్రీకరణ రెండు రోజుల్లో అయిపోయింది. ఎడిటింగ్ మాత్రం నాలుగు నెలలు సాగింది. నా చేతికి ఏడు కూర్పులు వచ్చాయి.

మామూలుగా బొమ్మ ఖరారయ్యాకే శబ్దం పని మొదలవుతుంది. దాన్ని 'పిక్చర్ లాక్' అంటారు. డబ్బు తక్కువగా ఉండి, పంపాల్సిన గడువు దగ్గరపడినప్పుడు రెండు పనులూ ఒకేసారి నడుస్తాయి. అప్పుడు బొమ్మలో ఎక్కడ ఒక ముక్క తీసినా, అక్కణ్నించి చివరిదాకా శబ్దమంతా పక్కకు జరుగుతుంది. ఎడిటర్ పంపిన మార్పుల పట్టిక ముందు పెట్టుకుని ప్రతి అడుగునీ, ప్రతి గజ్జెనీ మళ్లీ దాని చోటికి చేర్చాలి. మారే హక్కు బొమ్మది, సర్దుకునే బాధ్యత శబ్దానిది. ఈ ఏర్పాటు ఎక్కడో చూసినట్టుందని నవ్వుకున్నాను. మూడో కూర్పు వచ్చాక నవ్వు ఆగిపోయింది.

మా పదం మిశ్రచాపులో ఉంది. ఆవర్తనానికి ఏడు అక్షరాలు. మా వీడియోకి సెకనుకి 25 ఫ్రేములు. ఆమె ఎంచుకున్న విలంబ కాలంలో అక్షరానికి 20 ఫ్రేములు, ఆవర్తనానికి 140. అంటే 5.6 సెకన్లు. మూడో కూర్పులో ఎడిటర్ ఒకచోట 27 ఫ్రేములు తీసేశాడు. అక్కడ నాయిక గుమ్మంవైపు చూస్తుంది. చేతులు కదలవు, పాటలో మాట కూడా లేదు, తంబుర మాత్రమే ఉంటుంది. "చూపు లాగుతోంది మేడమ్" అన్నాడు. తెలివైన కుర్రాడే, పనిమంతుడు. అతనికి అక్కడ ఏమీ జరగలేదు. ఆమెకేమో పదమంతా అక్కడే ఉంది.

27 ఫ్రేములంటే ఒక సెకనుకంటే కొంచెం ఎక్కువ. బొమ్మతోపాటు పాటలోనూ ఆ ముక్క తీసేస్తే ఏడు అక్షరాల ఆవర్తనంలో అయిదున్నర పైచిలుకు మాత్రమే మిగులుతుంది. తాళం కుంటుతుంది. పాటను ముట్టుకోకుండా వదిలేస్తే అక్కణ్నించి ప్రతి అడుగు చప్పుడూ పాదం పడ్డాక ఒక సెకను ఆలస్యంగా వినిపిస్తుంది. నేను మూడో దారి పట్టాను. పాటను అయిదు ఆవర్తనాల మేర నూటికి నాలుగు వంతుల చొప్పున బిగించి, తగ్గిన కాలాన్ని అందులో సర్దేశాను. ఈ నాలుగు వంతులు ఎవరికీ తెలియవన్న ధైర్యం నాది. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాలను పాల్ పద్ధతి టీవీల్లో 25 ఫ్రేములతో నడిపినప్పుడు కూడా ఇంతే వేగం పెరుగుతుంది. దాన్ని సరిదిద్దకపోతే శ్రుతి ఒక స్వరస్థానంలో ముప్పావుకు దగ్గరగా పైకి పోతుంది. మనం అలా ఎన్నో పాటలు విన్నాం, ఫిర్యాదు చేయలేదు. నేను శ్రుతి మారకుండా జాగ్రత్తపడ్డాను. కాలం మాత్రం మారింది. నర్తకి మొదటిసారి వినగానే, "ఇక్కడ నన్నెవరో తరుముతున్నారు" అంది.

బొమ్మకూ శబ్దానికీ మధ్య ఎంత తేడాను మనిషి గుర్తుపడతాడన్న దానిమీద అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998 నాటి సిఫారసు ఒకటుంది. శబ్దం బొమ్మకంటే ముందొస్తే సుమారు 45 మిల్లీసెకన్లకే పట్టేస్తాం. వెనకొస్తే సుమారు 125 దాకా పట్టుకోలేం. దీనికి కారణం ప్రకృతిలోనే ఉంది. వెలుగు వెంటనే చేరుతుంది, శబ్దం సెకనుకి 340 మీటర్ల చొప్పున నడిచొస్తుంది. చెరువు అవతలి గట్టున చాకిరేవు బండ మీద గుడ్డ పడటం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. ఆలస్యానికి చెవి అలవాటు పడింది, ముందుకు రావడాన్ని ఒప్పుకోదు. ఇది శరీరధర్మం. కానీ ఎడిటింగ్ గదిలో దీన్నే విలువగా మార్చుకుంటాం. శబ్దం వెనక రావాలి, వచ్చినట్టు తెలియకూడదు, శుభ్రంగా ఉండాలి అంటాం.

ఆ శుభ్రం దగ్గరే నేను చేసిన పెద్ద తప్పు ఉంది. చిత్రీకరణలో రికార్డయిన శబ్దంలో గజ్జెలతోపాటు అరికాలు నేలమీద రాసుకున్న చప్పుడు, చీర గరగర, కూచుని లేచేటప్పుడు గట్టిగా పీల్చిన ఊపిరి ఉన్నాయి. నేను వాటన్నిటినీ 'నాయిస్' అని తీసేసి, స్టూడియోలో విడిగా రికార్డు చేసిన గజ్జెలను ఒక్కో అడుగుకీ అతికించాను. ఫ్రేము తేడా లేకుండా కుదిరాయి. నాలుగో కూర్పు ఆమెకు వినిపించి మెప్పుకోసం చూశాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఈ గజ్జెలు ఇరవై ఏళ్ల పిల్లవి. నా ఊపిరి ఏ ట్రాక్‌లో ఉంది?" అని అడిగింది.

'రాధికా సాంత్వనం' 1887 ముద్రణలో పద్యాలు తొలగించారని, వాటిని చేర్చి 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ప్రచురించిందని మనం ఎన్ని సభల్లో చెప్పుకున్నాం! పరిష్కరణ అన్న మాట వింటే అనుమానపడటం ఆవిడ దగ్గరే నేర్చుకున్నామంటాం. అలాంటి నేను ఒక స్త్రీ శరీరంలోంచి వచ్చిన చప్పుళ్లను మీట నొక్కి తుడిచేశాను. నన్నెవరూ ఆజ్ఞాపించలేదు. శుభ్రమైన శబ్దమే మంచి శబ్దమని నాకు ముందే తెలుసుననుకున్నాను.

ఆ రాత్రినుంచి ఒక ప్రశ్న వెంటాడింది. నర్తకి శరీరానికీ ఆమె శబ్దానికీ మధ్య ఇంత దూరం ఎప్పుడు వచ్చింది? పదాలు మగకవి రాసినవే, కానీ వాటిని తరాలపాటు గొంతులో, చేతుల్లో నిలబెట్టినవాళ్లు కళావంతులు. గోదావరి ప్రాంతపు కళావంతుల పద్ధతిలో పదాన్ని కూచుని తానే పాడుతూ అభినయించేవాళ్లు. మాట పుట్టే చోటూ, చేయి కదిలే చోటూ ఒకే శరీరం. ఒక చూపు ఎంతసేపు నిలవాలో ఆమె ఊపిరే చెప్పేది. మేళంలో వాద్యకారులు నర్తకి వెనక నిలబడి, ఆమెతోపాటు కదులుతూ వాయించేవాళ్లు. 1947లో మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆడపిల్లలను అంకితం చేయడం ఆగాలన్న కోరిక న్యాయమైనదే. కానీ దానితోపాటు ఆ స్త్రీలకు ఆడిపాడే చోటు కూడా పోయింది. రుక్మిణీదేవి కొత్త వేదిక మీద వాద్యబృందాన్ని నర్తకి వెనకనుంచి పక్కకు తెచ్చి కూచోబెట్టింది. ఆ తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి రికార్డు చేసిన పాట వచ్చింది. అది నర్తకిని చూడదు, ఆమెకోసం ఆగదు. చివరికి కంప్యూటర్ తెరమీద రంగురంగుల పట్టీలుగా మిగిలాం. శబ్దం ఆమె గొంతునుంచి వీపువెనక్కీ, అక్కణ్నించి పక్కకీ, టేపులోకీ, ఆమె లేని గదిలోకీ జరిగింది.

బాలసరస్వతి ఈ ప్రయాణానికి ఎదురు నిలిచిన మనిషి. తల్లి జయమ్మాళ్ పాడుతుంటే ఆడింది, తానూ పాడుతూ ఆడింది. సత్యజిత్ రాయ్ 'బాల' తీసిన 1976 నాటికి ఆమెకు 58 ఏళ్లు. ఆ సినిమాలో ఆమె సముద్రపు ఒడ్డున నిలబడి 'కృష్ణా నీ బేగనే బారో' అభినయిస్తుంది. గాలికి చీర నిలవదు. వేదికలాగా శుభ్రంగా ఉండని ఆ చోట ఆమె పిలుపు నాకు మరింత నిజంగా తోస్తుంది. సినిమా చివర్లో వర్ణం సుదీర్ఘంగా సాగుతుంది. ఆమె యవ్వనంలో తీసి ఉండాల్సిందని బాధపడేవాళ్లున్నారు. వయసు మళ్లిన శరీరం కాలాన్ని ఎలా పట్టుకుంటుందో చూపించే రికార్డుగా నాకిది అమూల్యం. దాన్ని చూశాకే నా స్నేహితురాలి ప్రశ్న పూర్తిగా అర్థమైంది.

సర్దుబాటు ఎప్పుడూ శబ్దానిదే ఎందుకు కావాలి అని అడిగినవాళ్లు వేరే దేశంలో వేరే దారి తొక్కారు. మెర్స్ కన్నింగ్‌హామ్, జాన్ కేజ్ నృత్యాన్నీ సంగీతాన్నీ విడివిడిగా తయారుచేసి, నిడివిని మాత్రం పంచుకునేవాళ్లు. 1965లో న్యూయార్క్‌లో ప్రదర్శించిన 'వేరియేషన్స్ ఫైవ్'లో వేదికమీద యాంటెనాలు, ఫోటోసెల్స్ అమర్చారు. నర్తకుల కదలిక శబ్దాన్ని మార్చేది. తెరలమీద బొమ్మలూ మారుతుండేవి. ఎవరూ ఎవరికీ లోబడని ఈ స్వేచ్ఛ నన్ను ఊరించింది. కానీ పదానికి అది కుదరదు. పదంలో చేయి మాటకు అర్థం చెబుతుంది, ఒకే పాదాన్ని పదిసార్లు పాడితే పది అర్థాలు చెబుతుంది. వాటిని విడదీస్తే స్వేచ్ఛ రాదు, అర్థం పోతుంది. మాకు కావాల్సింది విడాకులు కాదు, ఒకరి మాట ఒకరు వినడం.

అందుకని అయిదో కూర్పుకి ముందు ముగ్గురం కూచున్నాం. ఎడిటర్‌కి ఆమె మిశ్రచాపు చేత్తో వేయడం నేర్పింది. అతను రెండు గంటల్లో పట్టుకున్నాడు. అతని దగ్గర నేను ఫ్రేములు లెక్కపెట్టడం నేర్చుకున్నాను. తీయాల్సి వస్తే పూర్తి ఆవర్తనాలే తీయాలనీ, అది కూడా పాటలో పాదం మళ్లీ మొదలయ్యే చోటే తీయాలనీ ఒప్పుకున్నాం. 27 ఫ్రేముల చూపు వెనక్కి వచ్చింది. కానీ నిడివి తగ్గించక తప్పదు. రెండు ఆవర్తనాల సంచారి, 280 ఫ్రేములు, పోయింది. ఏది పోవాలో ఆమే చెప్పింది. తన గురువు ప్రత్యేకంగా నేర్పిన సంచారి అది. "చూపు ఉండాలంటే ఇది పోవాలి, అంతే" అని లేచి మంచినీళ్లకు వెళ్లింది.

నేను స్టూడియో గజ్జెలు తీసేసి, చిత్రీకరణనాటి చప్పుళ్లను వేరే ట్రాక్‌లోకి తిరిగి తెచ్చాను. ఆమె గజ్జెల్లో కొన్ని మువ్వలు పగిలినవి. అవి గలగలమనవు, గరగరమంటాయి. ఊపిరిని పాటకు ముందు అరక్షణం వినిపించేలా ఉంచాను. అది చెవిలో పడితే తర్వాత వచ్చే అడుగు ఎంత బరువుగా పడబోతోందో ముందే తెలుస్తుంది. ముందుకొచ్చిన శబ్దాన్ని చెవి ఒప్పుకోదని పైన రాశాను. ఊపిరికి మాత్రం ఆ హక్కు ఉంది. కదలికకు ముందు వచ్చేది అదే కదా!

మేం పంపినచోట వీడియోను తీసుకోలేదు. శబ్దం శుభ్రంగా లేదని ఒక వాక్యం రాశారు. రెండోచోటికి పంపే ముందురోజు రాత్రి ఊపిరి ట్రాక్‌ను ఆరు డెసిబెళ్లు తగ్గించాను. పూర్తిగా తీసేయలేదని నాకు నేను చెప్పుకున్నాను. అక్కడ తీసుకున్నారు. ఆ ఆరు డెసిబెళ్ల వల్లే తీసుకున్నారని చెప్పలేను, కాదనీ చెప్పలేను. ఆమెకు ఈ సంగతి ఇది చదివాకే తెలుస్తుంది. అసలు కూర్పు నా దగ్గర భద్రంగా ఉంది, అడిగితే ఇస్తాను.