కథ, క్రీడ, గడువు: ఓపెన్ వరల్డ్ గేములకు విరాటపర్వం ఒక గీటురాయి

కీలక పదాలు: అకాండ ప్రథనం, రసభంగం, విరాటపర్వం, తోలుబొమ్మలాట, ఓపెన్ వరల్డ్ గేము

ఉపోద్ఘాతం

వానలు కురవకపోతే విరాటపర్వం చదివించాలన్నది తెలుగునాట చిరకాల విశ్వాసం. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే ఉన్న అనంతపురం సీమలో, భైరవానితిప్ప జలాశయం తమ మండలంలోనే ఉన్నా మబ్బు కోసం ఎదురుచూడక తప్పని గుమ్మఘట్ట వంటి మెట్ట ఊళ్ళలో ఆ విశ్వాసపు అర్థం సులభంగా బోధపడుతుంది. గడువు తీరేదాకా ఓర్చుకునే పాండవుల కథ, వాన కోసం ఓర్చుకునే శ్రోత కథ ఒకటే. కథకూ క్రియకూ నడుమ సమతౌల్యం ఎలా కుదురుతుందన్న ప్రశ్న నేటి ఓపెన్ వరల్డ్ రోల్ ప్లేయింగ్ గేముల విమర్శలో తరచు వినబడుతుంది. ఆ ప్రశ్నకు మన అలంకారశాస్త్రం, విరాటపర్వం ఇవ్వగల సమాధానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

రసభంగ హేతువులు

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్యోతంలో రసవిరోధానికి చెప్పిన కారణాలలో మూడు ఇక్కడ ప్రస్తుతం: అదను కాని చోట రసాన్ని విస్తరించడం, అదను కాని చోట తెంచివేయడం, పరిపుష్టమైన రసాన్నే మళ్ళీ మళ్ళీ రగిలించడం. మమ్మటుడు మొదటిదానికి వేణీసంహారం ద్వితీయాంకాన్ని ఉదాహరించాడు. వీరులు నేలకూలుతున్న వేళ అక్కడ దుర్యోధనుడు భానుమతితో శృంగారంలో ఉంటాడు.

2015లో వెలువడిన ‘ది విచర్ 3’లో గెరాల్ట్ తాను పెంచిన సిరిని వెతుకుతుంటాడు; ఆమెను వైల్డ్ హంట్ తరుముతుంటుంది. అయినా ఆటగాడు ఎన్ని రోజులైనా గ్వెంట్ అనే పేకాటలో గడపవచ్చు; సిరికి కలిగే నష్టమేమీ లేదు. ఇది అకాండ ప్రథనమే. పోరు ఉత్సాహాన్ని మధ్యలో ఆపే దృశ్యఖండం అకాండ ఛేదం. బలం పెంచుకోవడానికి ఒకే జాతి శత్రువులను పదేపదే చంపడం మూడవ దోషం. అయితే అదే గేములో చెట్టు వేళ్ళ కింద బందీ అయిన ఆత్మను చంపడమా, విడిపించడమా అన్న నిర్ణయం అనాథ పిల్లల ప్రాణాలనూ బారన్ కుటుంబ గతినీ మారుస్తుంది. కనుక లోపం కథాక్రియల పాళ్ళలో లేదు, ఔచిత్యంలో ఉంది.

గడువు చేసే పని

అజ్ఞాతవాసంలో బయటపడితే మళ్ళీ పన్నెండేళ్ళ వనవాసం. ఈ నిబంధన వల్లనే భీముడు కీచకుణ్ణి నర్తనశాలలో, రాత్రివేళ, రహస్యంగా చంపవలసి వచ్చింది. క్రియ స్వరూపాన్ని కథ నిర్ణయించింది. ఆ మరణవార్త కౌరవుల చెవినబడి గోగ్రహణానికి దారితీసింది. అంటే క్రియ కథను నడిపింది. గడువు తీరాకనే అర్జునుడు జమ్మిచెట్టు మీది గాండీవం అందుకున్నాడు.

గేములలో దీనికి దగ్గరి పోలిక 1997 నాటి ‘ఫాలౌట్’. భూగర్భ నివాసంలో నీటిని శుద్ధిచేసే చిప్ పాడవుతుంది. 150 రోజులలో మరొకటి తేవాలి. నీటి వర్తకులకు సొమ్ము చెల్లిస్తే మరో 100 రోజుల వెసులుబాటు దొరుకుతుంది. ఎటు తిరిగినా స్వేచ్ఛే. కానీ ప్రతి తిరుగుడుకూ నీటి లెక్క ఉంది. కరవు సీమ పాఠకునికి ఆ లెక్కను వివరించనక్కరలేదు.

గడువు స్వేచ్ఛను హరిస్తుందన్న ఆక్షేపణ ఉంది. తోలుబొమ్మలాట దీనికి సమాధానం చెబుతుంది. రాత్రంతా సాగే ఆటలో కేతిగాడు, బంగారక్క కథను వదిలి ఎంతో దూరం పోతారు. ఐనా రసం చెడదు; ప్రేక్షకుల అలసటను గమనిస్తూ వారిని ఎప్పుడు తేవాలో, ఎప్పుడు పంపాలో ఆడించేవాడు ఎరుగును. తెల్లవారుజాము అతని గడువు.

ముగింపు

ఓపెన్ వరల్డ్ గేము ఆడించేవాడి పాత్రను ఆటగాడికి అప్పగించింది. తెల్లవారుజామును మాత్రం తరచుగా తొలగించింది. కథ ఎంత, పోరు ఎంత అని కొలిచే విమర్శ ఈ లోటును చూడలేదు. ఆలస్యానికి మూల్యం ఉన్నదా అని అడిగే విమర్శ చూడగలదు. ఆ ప్రశ్న అడగడానికి తగిన పరిభాష తెలుగు శాఖలు బోధించే అలంకారశాస్త్రంలోనే సిద్ధంగా ఉంది.