కోనసీమలో సైకిల్ దారి: తెలుగు యాత్రారచనకు ఒక పరీక్ష

వ్యాససంగ్రహం: చదునైన నేల, కాలువగట్లు, దగ్గరదగ్గరగా ఉన్న పాత ఊళ్లు కోనసీమను తీరుబడి సైకిల్ యాత్రకు అనువైన ప్రాంతంగా నిలుపుతున్నాయి. వాహనానికీ వర్ణనకూ ఉన్న సంబంధాన్ని తెలుగు యాత్రారచనల నేపథ్యంలో చర్చించి, సైకిల్ మీదినుంచి కోనసీమను రాసేవారు దేన్ని చూస్తారు, దేన్ని దాటిపోతారు అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: యాత్రారచన, కోనసీమ, సైకిల్, తీరుబడి, కులం, కాలువగట్టు.

1. వాహనం, వాక్యం

యాత్రారచనలను సాధారణంగా గమ్యాన్నిబట్టి వర్గీకరిస్తుంటారు: తీర్థయాత్ర, విదేశయాత్ర, విహారయాత్ర. వాహనాన్నిబట్టి చూస్తే ఈ ప్రక్రియకు మరో చరిత్ర కనిపిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’కు మజిలీయే కొలమానం. ఊరు ఎంత దూరం, నీళ్లు ఎలాంటివి, అంగళ్లు ఉన్నాయా, దిగడానికి వసతి ఉందా అన్న వివరాలే ఆ గ్రంథపు లయను నిర్ణయించాయి. పెద్ద పరివారంతో, పల్లకీ మోసే బోయీలతో సాగే యాత్రికుడికి రాత్రి బస దొరకడమే తొలి సమస్య గనుక వాక్యం కూడా బసనుంచి బసకు నడుస్తుంది. మోసేవారి అలసట మాత్రం వాక్యంలోకి అరుదుగానే వస్తుంది.

ఆ తరువాతి కాలంలో నడక తిరిగి ఒక ఎంపికగా తెలుగు వచనంలోకి వచ్చింది. ఎం. ఆదినారాయణ ‘భ్రమణ కాంక్ష’ కాలినడకను అవసరంగా కాక దృక్పథంగా స్వీకరించిన పుస్తకం. పరవస్తు లోకేశ్వర్ ‘ఛత్తీస్‌గఢ్ స్కూటర్ యాత్ర’ పేరులోనే వాహనాన్ని చేర్చుకుంది. నడకకూ స్కూటర్‌కూ మధ్య ఉన్న సైకిల్‌కు మాత్రం తెలుగులో యాత్రావాహనంగా ఆ స్థాయి గౌరవం దక్కలేదు. ఇంగ్లీషులో 1900లోనే జెరోమ్ కె. జెరోమ్ ముగ్గురు మిత్రుల జర్మనీ సైకిల్ యాత్రను హాస్యరచనగా మలిచాడు. అక్కడ సైకిల్ కబుర్లకు ఒక సాకు. తెలుగు కథలో సైకిల్ ప్రధానంగా బతుకుదెరువు వాహనం: పోస్టుమాను, పాలవాడు, బట్టల మూట కట్టుకున్న వర్తకుడు, ట్యూషన్లు చెప్పుకునే మాస్టారు. సైకిల్ తొక్కేవాడు ఎక్కడికో పని మీద వెళుతున్నాడనే పాఠకుడి తొలి ఊహ. ఊరికే తొక్కేవాడిని ఊరు అనుమానంగానే చూస్తుంది.

ఇవాన్ ఇల్లిచ్ 1974 నాటి ‘ఎనర్జీ అండ్ ఈక్విటీ’లో సైకిల్ మీది మనిషి నడిచేవాడికంటే మూడునాలుగు రెట్లు వేగంగా, అంతకన్నా చాలా తక్కువ శక్తితో వెళతాడని లెక్క చెప్పాడు. సాహిత్య విమర్శకు ఈ లెక్కలో పనికివచ్చే అంశం వేరు. నడిచేవాడు ఎదురైన మనిషిని పలకరించక తప్పదు. మోటారు వాహనంలో ఉన్నవాడికి పలకరించే వీలే లేదు. సైకిల్ మీదివాడికి రెండూ సాధ్యమే. ఆగడమూ ఆగకపోవడమూ పూర్తిగా అతని చేతిలో ఉంటాయి. కనుక అతని రచనలో కనిపించనిదానికి వేగం సాకు కాదు.

2. చదును వెనుక చరిత్ర

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల మధ్య ఒండ్రుతో ఏర్పడిన ఈ నేలకు చదును ప్రకృతి ఇచ్చింది. ఆ చదునుమీద దారిని మాత్రం ఎక్కువగా నీటిపారుదల నిర్మించింది. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట తరువాత కాలువలు, లాకులు, గట్లు డెల్టా అంతటా విస్తరించాయి. రాజోలు వైపు నీటిని వైనతేయ దాటించడానికి గన్నవరం దగ్గర 1850ల తొలినాళ్లలోనే అక్విడక్టు కట్టారు. నదిమీదుగా కాలువ వెళ్లడం చూసి ఆగని సైకిల్ యాత్రికుడు ఉండడు. నేటి అక్విడక్టు డొక్కా సీతమ్మ పేరు మోస్తున్నది. లంకల గన్నవరంలో బాటసారులకు అన్నం పెట్టి ‘ఆంధ్రుల అన్నపూర్ణ’గా పేరొందిన ఆమె 1909లో మరణించింది. ఒక నీటి కట్టడం అన్నదాత పేరుతో నిలవడం యాదృచ్ఛికం కావచ్చుగాని, కోనసీమలో ప్రయాణం దేనిమీద ఆధారపడిందో ఆ పేరు చెబుతుంది: రేవు, గట్టు, పెట్టే చెయ్యి.

ఈ దృష్టితో చూస్తే కాలువగట్టు ‘ప్రశాంతమైన పల్లెదారి’ అనే వర్ణన అసంపూర్ణం. అది తూము తెరిచే సమయాన్నీ, కాలువ కట్టేసే వేసవినీ, శివారు భూములకు నీరందని తగాదానూ మోసే దారి. ఎగువ రైతుకూ దిగువ రైతుకూ మధ్య ఉన్న భేదం ఆ గట్టు పొడవునా సైకిల్ తొక్కితే క్రమంగా కంటబడుతుంది. అంత నిదానంగా వెళ్లినవాడికి అది కనబడకపోతే లోపం చూపులోనిదే.

ఊళ్ల విషయంలోనూ ఇంతే. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి, పలివెలలో ఉమాకొప్పేశ్వరుడు, అయినవిల్లిలో విఘ్నేశ్వరుడు, అంతర్వేదిలో నరసింహస్వామి అన్న వరుస పర్యాటక పత్రాల్లో స్థిరపడిపోయింది. ఆదుర్రులోని బౌద్ధ స్తూప శిథిలాలు సాధారణంగా ఈ వరుస చివర ఒక్క వాక్యంగా వస్తాయి, అదీ సంఘమిత్ర కథతో ముడిపడి. కోనసీమ గతానికి ఆలయకాలానికి ముందొక పొర ఉందని ఆ దిబ్బ చెబుతున్నా, వర్ణనల్లో దానికి దక్కే చోటు చాలా తక్కువ.

ఊరినుంచి ఊరికి సాగే యాత్ర కోనసీమకు కొత్తదేమీ కాదు. కనుమనాడు జగ్గన్నతోటలో జరిగే ప్రభల తీర్థానికి పదకొండు గ్రామాల ఏకాదశ రుద్రులు ప్రభలపై తరలివస్తారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, ముక్కామల, పాలగుమ్మి, గంగలకుర్రు, వక్కలంక వంటి ఊళ్ల పేర్లు ఆ ఊరేగింపులో ఒక దారిపటంగా అమరుతాయి. ప్రభలు వరిచేలకు అడ్డంపడి, కౌశిక దాటి, మనుషుల భుజాలమీద వస్తాయి. తొక్కిన పైరును రైతు నష్టంగా లెక్కపెట్టడు. ఈ పదకొండు ఊళ్లనూ సైకిల్ మీద చుట్టదలచిన రచయిత ఆ పాత మార్గం తెలుసుకుని బయలుదేరితే వర్ణన తీరే మారుతుంది.

3. ‘పచ్చదనం’ అనే పదం

కోనసీమ వర్ణనల్లో అత్యధికంగా అరిగిపోయిన పదం పచ్చదనం. దాని వెంటనే ‘కేరళను తలపించే’ అన్న విశేషణం వస్తుంది. స్వంత నేలను మరో నేల నకలుగా పరిచయం చేసే ఈ అలవాటు సౌందర్యదృష్టి కంటే ప్రకటనభాషకే చెందుతుంది. దీనికి విరుగుడు తెలుగు కథలోనే ఉంది. స్వాతి వారపత్రికలో వెలువడిన వంశీ ‘మా పసలపూడి కథలు’ గౌతమికి ఉత్తరాన, సంప్రదాయార్థంలో కోనసీమకు వెలుపల ఉన్న ఊరివే అయినా, ఊళ్ల పేర్లు, దారులు, రేవులు, తిండి పదార్థాలు పేరుపేరునా చెప్పే వాటి పద్ధతి సైకిల్ యాత్రావచనానికి అత్యంత సన్నిహితమైన నమూనా. అక్కడ దూరం కిలోమీటర్లలో కాక ఊళ్ల పేర్లలో కొలవబడుతుంది. ఆ కథల పరిమితి స్మృతిలో ఉంది. గడిచిపోయినదాని తీపి వర్తమానాన్ని తరచుగా మూసేస్తుంది. ఆ పేర్ల సాంద్రతను తీసుకుని ఆ తీపిని వదిలిపెట్టగలగడం నేటి యాత్రారచయిత ముందున్న కష్టమైన పని.

పచ్చదనానికి తేదీలు ఉన్నాయి. 1996 నవంబరు 6 తుపానుకు కోనసీమ కొబ్బరితోటలు నేలకూలాయి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది గనుక ఆ నష్టం ఒక్క రాత్రిది కాదు. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి భూములు బీడు పెట్టారు. ఆ ఏడాది గట్టుమీద సైకిల్ తొక్కిన బయటివాడికి ఆ బీడు కూడా ఒక రమ్యమైన మైదానంగా కనబడి ఉండవచ్చు. గిట్టుబాటు ధర, మురుగు కాలువల దుస్థితి, కూలి ఖర్చు తెలిసినవాడికే అది నిరసనగా చదవబడుతుంది. నేల కింద కూడా మరో కోనసీమ ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లో అవుట్ వారాల తరబడి మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ పైపులైను పేలి ఇరవైమందికి పైగా మరణించారు. దారిపక్కన పైపులైను హెచ్చరిక పలకలు కారులో వెళ్లేవాడికి అక్షరాలుగా అందవు, సైకిల్ వేగానికి అందుతాయి. కొబ్బరిచెట్టును వర్ణించిన కలం దాని మొదట్లో పాతిన పలకను వదిలేసినప్పుడు విమర్శ ఆ ఎంపికను ప్రశ్నించవలసి ఉంటుంది.

4. బండివాడు అక్కర్లేని బండి

వాహనానికీ కులానికీ ఉన్న సంబంధాన్ని భారతీయ యాత్రాకథనాల్లో అతి స్పష్టంగా చెప్పిన రచన అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’. 1901లో తండ్రి దగ్గరకు కోరేగావ్ బయలుదేరిన పిల్లలు మహర్లని తెలిశాక బండివాళ్లు ఎక్కించుకోలేదు. రెట్టింపు కూలి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేలా, బండివాడు పక్కన నడిచేలా ఒప్పందం కుదిరింది. 1929లో చాళీస్‌గావ్‌లో టాంగావాళ్లు ఆయనను తీసుకువెళ్లడానికి నిరాకరించారు. తోలడం రాని మనిషి తోలిన టాంగా బోల్తాపడి ఆయన గాయపడ్డాడు. ప్రయాణానికి డబ్బు చాలదనీ, బండివాడి కులం సమ్మతించాలనీ ఈ రెండు ఘట్టాలూ చెబుతున్నాయి. సైకిల్ ఈ సమ్మతిని అనవసరం చేసింది. దానికి తోలేవాడు వేరే ఉండడు. అయితే దారి సమ్మతి, వీధి సమ్మతి అన్నవి మిగిలే ఉన్నాయి.

తెలుగు సాహిత్యం ఈ సమస్యను ముందే మరో రూపంలో ఎదుర్కొంది. జాషువా ‘గబ్బిలం’లో గుడిలోకి వెళ్లలేని మనిషి వెళ్లగల పక్షితో కబురు పంపుతాడు. సందేశకావ్యమంటే తాను చేయలేని యాత్రను మరొకరిచేత చేయించడమే గదా. 1911లో మామిడికుదురులో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. పేటనుంచి బడికి ఉన్న ఆ కొద్దిపాటి దూరమే నాటకానికి అసలు యాత్ర. మామిడికుదురు, అప్పనపల్లి, రాజోలు దారిని సుందర ప్రకృతిగా మాత్రమే రాసేవారు భీమన్న ఊరిగుండా వెళుతున్నామన్న సంగతిని కూడా తమ దారిపటంలో చేర్చుకోవలసి ఉంది.

కోనసీమ గ్రామాల్లో అగ్రహారమూ గుడీ సంతా ఒకవైపు, పేట మరోవైపు, చాలాచోట్ల కాలువకో మురుగుబోదెకో అవతల ఉంటాయి. కారు పేట సందులోకి తిరగలేదు, సైకిల్ తిరుగుతుంది. చారిత్రక గ్రామం అనే మాట పెంకుటిళ్ల మండువాలకే వర్తించి, మిషనరీ బడికీ, అంబేద్కర్ విగ్రహం ఉన్న కూడలికీ వర్తించకపోతే అది చరిత్రను సగానికి కుదించడమే. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి అంబేద్కర్ పేరు పెట్టే ప్రతిపాదనపై మే 24న అమలాపురంలో హింస చెలరేగి, మంత్రి, శాసనసభ్యుల ఇళ్లు దగ్ధమయ్యాయి. తరువాత ఆ పేరే ఖాయమైంది. అమలాపురం గడియారస్తంభం దగ్గర టీ తాగి రామచిలుకల గురించి రాసే యాత్రావ్యాసం తన దారిలో ఎదురయ్యే జిల్లా పేరుపలకను ఎలా చదువుతుందన్నది చిన్న ప్రశ్న కాదు.

5. తీరుబడి, రేవు

ఉదయం పూట అంబాజీపేట దారిలో కాయలు వేలాడదీసుకుని సైకిల్ తొక్కే మనిషీ, అదే దారిలో విహారానికి తొక్కే మనిషీ ఒకే యంత్రాన్ని వాడుతున్నారు. ఒకరు దృశ్యం, మరొకరు ద్రష్ట అయ్యారు. దింపు, ఒలుపు పనివారి శరీరానికి దారి చదును ఆహ్లాదం కాదు, బరువు లాగే సౌలభ్యం. బండారులంక నేతబట్ట మూటతో ఊరూరా తిరిగిన వర్తకుడికి ఏ అరుగుమీద నీడ ఉంటుందో, ఎవరు అప్పు పెడతారో తెలుసు. ఆ జ్ఞానం విహారి దారిపటంలో లేదు. స్త్రీల విషయంలో ఈ అంతరం మరింత పెద్దది. ‘బడికొస్తా’ పథకంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలైన ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల అక్షరాస్యతా ఉద్యమం సైకిల్ నేర్చుకోవడాన్ని స్త్రీల స్వేచ్ఛతో ముడిపెట్టింది. బడికి వెళ్లే సైకిల్‌ను ఊరు ఒప్పుకుంది. సాయంత్రం గట్టుమీద పనిలేకుండా తొక్కే యువతిని అదే ఊరు ఒప్పుకుంటుందా అన్నది ఇప్పటికీ కథకు వస్తువే.

కోనసీమ దారి చివర చాలాసార్లు రేవు ఉంటుంది. కోటిపల్లి ముక్తేశ్వరాల మధ్యా, సఖినేటిపల్లి నరసాపురాల మధ్యా పంటు కోసం అందరూ ఆగవలసిందే. అక్కడ విహారి సైకిల్ స్టాండు వేసి, కూరగాయల బుట్ట పక్కన, పాలక్యాన్ల పక్కన నిలబడతాడు. అంతవరకూ ఆగడం అతని ఇష్టం. రేవులో ఆగడం నది ఇష్టం. ఆ ఎదురుచూపులో చుట్టూ ఉన్నవారు అతన్ని ‘ఏ ఊరండీ? ఎవరింటికండీ?’ అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు అతడు ఏం జవాబిచ్చాడో, అది విని వాళ్లు ఇంకేం అడిగారో రాసిన పేజీలనుంచి ఈ ప్రక్రియ మీద విమర్శ మొదలుకావచ్చు.