ర్యామ్, రోమ్ పాఠము: ఒక విమర్శ

కంప్యూటరు జ్ఞాపకమును గూర్చి పాఠశాలలలో చెప్పు పాఠము తరచుగా ఒక్క వాక్యముతో ముగియును: ర్యామ్ తాత్కాలికము, రోమ్ శాశ్వతము. విద్యార్థి దానిని కంఠస్థము చేసి పరీక్షలో మార్కులు పొందును. తరువాత అంగడిలో సెల్‌ఫోను పెట్టెపై ‘8 జీబీ ర్యామ్, 128 జీబీ రోమ్’ అని చూచి, నేర్చినది సరియేనని సంతోషించును. కాని రోమ్ అనగా చదువుటకు మాత్రమే వీలైన జ్ఞాపకమని అదే పాఠము చెప్పుచున్నది గదా! వ్రాయుటకు వీలులేని చోట దినదినమును తీయు ఫోటోలు ఎట్లు చేరుచున్నవి? ఈ ప్రశ్నకు ఆ వాక్యములో సమాధానము లేదు.

మొదటి లోపము మాటలోనే కలదు. ర్యామ్ అను పేరును తెలుగు చేయునపుడు కొందరు ‘యాదృచ్ఛికము’ అను మాటను వాడుదురు. యాదృచ్ఛికమనగా అనుకోకుండ జరుగునది. జ్ఞాపకములో అట్టిది ఏదియు లేదు. ఏ గదిలోని సంగతి కావలసినను, ముందున్న గదులను దాటి పోనక్కరలేకుండ, ఇంచుమించు ఒకే కాలములో నేరుగా అందుకొనవచ్చునని ఆ పేరునకు భావము. క్యాసెట్టులో ఐదవ పాట వినవలెనన్న టేపును త్రిప్పవలెను; పుస్తకములో ఏబదవ పుట కావలెనన్న నేరుగా తెరువవచ్చును. కావున ‘యథేచ్ఛా ప్రవేశము’ అనుట మేలు. రోమ్‌ను కూడ ఇట్లే నేరుగా అందుకొనవచ్చును. అనగా ఈ రెండు పేర్లు పరస్పర విరుద్ధములు కావు. ఒకటి అందుకొను రీతిని, రెండవది వ్రాయు వీలును తెలుపుచున్నవి. విద్యుత్తు పోయిన పిమ్మట ఏమగునో రెండును చెప్పుట లేదు.

ర్యామ్ తాత్కాలికమే కానక్కరలేదనుటకు హైదరాబాదులోనే నిదర్శనము కలదు. ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1967లో ఇచ్చట స్థాపితమైనది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అను కంప్యూటరును ఆ సంస్థ 1969లో వెలువరించెను. దాని ప్రధాన జ్ఞాపకము ఫెరైటు అను అయస్కాంత పదార్థముతో చేసిన చిన్న చిన్న ఉంగరముల వల. ప్రతి ఉంగరమును తన అయస్కాంతత్వపు దిశను బట్టి సున్ననో, ఒకటినో గుర్తుంచుకొనును. దేనినైనను నేరుగా అందుకొనవచ్చును; విద్యుత్తు పోయినను దిశ మారదు. అది యథేచ్ఛా ప్రవేశము గలదే, అయినను విద్యుత్తుతో పోవునది కాదు.

నేటి స్థితి వేరు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి నగరపు పడమటి వైపున హైటెక్ సిటీ, దాని చుట్టును ఐటీ ప్రాంతమును పెరిగినవి. జ్ఞాపక చిప్పులు తయారుచేయు మైక్రాన్ సంస్థ కూడ 2019లో హైదరాబాదున అభివృద్ధి కేంద్రమును తెరచినది. ఆ సంస్థ ప్రధానముగా చేయు డీర్యామ్, నాండ్ ఫ్లాష్ అను రెండు రకములును విద్యుదావేశమును నిలువ చేయునవే. భేదము పాత్రలో కలదు.

డీర్యామ్‌లో ఒక్కొక్క బిట్టునకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు ఉండును. ఈ అమరికకు రాబర్ట్ డెన్నార్డు 1968లో పేటెంటు పొందెను. కెపాసిటరు చిల్లికుండ వంటిది. ఆవేశము కారిపోవుచునే యుండును. కావున సాధారణముగా 64 మిల్లీసెకనులలోపల అన్ని గదులను చదివి మరల నింపవలెను. విద్యుత్తు ఆగినచో నింపుట ఆగును, కుండ ఖాళీయగును. ప్రాసెసరులోని ఎస్‌ర్యామ్‌కు బిట్టునకు సాధారణముగా ఆరు ట్రాన్సిస్టర్లు కావలెను. మరల నింపు పని లేదు, వేగము హెచ్చు. ధరయు హెచ్చు గనుక కొలదిగా వాడుదురు. విద్యుత్తు పోయిన అదియు మరచును.

ఫ్లాష్ మూత బిగించిన జాడీ వంటిది. ఆవేశము బంధింపబడి విద్యుత్తు లేకున్నను ఏండ్ల తరబడి నిలుచును. కాని వ్రాయుట నెమ్మది. గదులను గుంపులుగా గాని చెరుపవీలు లేదు. పలుమారులు చెరిపి వ్రాసిన కొలది జాడీయే అరుగును. ఫోను పెట్టెపై ‘రోమ్’ అని వ్రాసినది ఈ ఫ్లాషునే.

ఇది కేవలము మాటల తగవు కాదు. ‘శాశ్వతము’ అను మాటను నమ్మి ధ్రువపత్రముల ఒక్కగానొక్క ప్రతిని పెన్‌డ్రైవులో దాచిన విద్యార్థి, అది చెడిన నాడు నష్టపోవును. పని చేయుచున్న కంప్యూటరులో విషయము చిల్లికుండలో నున్నదని ఎరుగని విద్యార్థి, సేవ్ చేయక గంట శ్రమను పోగొట్టుకొనును. పాత వాక్యమునకు ఒక గుణము లేకపోలేదు: నేటి సాధారణ కంప్యూటరు విషయమున అది రెండవ ప్రమాదమును సూచించును. మొదటి దానిని మాత్రము మరుగుపరచును.

ఉపాధ్యాయులు రెండు పేర్లకు బదులు నాలుగు ప్రశ్నలను నల్లబల్లపై వ్రాయుట మంచిది. విద్యుత్తు పోయిన నిలుచునా? ఎంత వేగముగా అందును? ఎన్నిమారులు వ్రాయవచ్చును? బిట్టునకు వ్యయమెంత? ఫెరైటు ఉంగరము, ఎస్‌ర్యామ్, డీర్యామ్, ఫ్లాష్ అను నాలుగింటికి విద్యార్థులచేతనే సమాధానములు వ్రాయించిన, ఏ ఒక్క రకమును అన్ని గుణములను పొందలేదని వారే గ్రహింతురు. ఒకే కంప్యూటరులో పలు రకముల జ్ఞాపకము ఏల ఉండునో అప్పుడు వేరుగా చెప్పనక్కరలేదు.