అరచేతిలో సంగటి

ఎనిమిది నెలల పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అవ్వ ఆ చిన్న అరచేతిని విప్పుతుంది. చూపుడువేలితో సున్నాలు చుడుతూ అందులో అన్నం కలుపుతుంది, పప్పు వేస్తుంది, నెయ్యి పోస్తుంది. ఒక్కో వేలూ మడుస్తూ ఇంట్లో అందరికీ పేరుపేరునా వాటా పెడుతుంది. పంపకం అయ్యాక అవ్వ రెండు వేళ్లు పాప మణికట్టు మీదుగా నడిచి మోచేతి దగ్గర ఆగుతాయి. పాప ఊపిరి బిగబట్టి చూస్తుంది. చంకలో చక్కిలిగింత పడకముందే నవ్వేస్తుంది.

తెలుగువాళ్లందరికీ తెలిసిన ఆట ఇది. తమిళ దేశంలో ఇదే ఆటలో చెయ్యి మీద పాకేది ఎండ్రకాయ. మా అనంతపురం జిల్లా కంబదూరు వైపు అన్నానికి బదులు రాగిసంగటి కెలికినా ఆట ఏమీ చెడదు.

దీని విద్యంతా మోచేతి దగ్గర ఆగడంలోనే ఉందని నా నమ్మకం. ఆగకపోతే అది ఒట్టి చక్కిలిగింతే. ఆగితే మాత్రం జరగబోయేదాన్ని పాప ముందే ఊహిస్తుంది. పెద్దామె కళ్లలోకి చూసి, ఇంకా కానివ్వమన్నట్టు చిన్న కూత వేస్తుంది. ఆ కూత విన్నాకే వేళ్లు కదలాలి. నీ వంతు, నా వంతు అని నడిచే ఈ పద్ధతి మీదే రేపు మాటలు నిలబడతాయి.

ఏ ఆటకైనా దాని వయసుంది. పుట్టిన బిడ్డకు ఇరవై, ముప్పై సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త తేటగా కనిపిస్తుంది. పాలిచ్చే తల్లి మొహం దాదాపు అంత దూరంలోనే ఉంటుంది కాబట్టి మొదటి నెలల్లో అంతకు మించిన ఆటబొమ్మ లేదు. నీళ్లు పోసే అవ్వ కాళ్లు చాచి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాస్తూ కుడిచేతిని ఎడమకాలి వైపు, ఎడమచేతిని కుడికాలి వైపు మెల్లగా తెస్తుంది. ఒక్కో అవయవాన్నీ పేరు పెట్టి పలకరిస్తుంది. ఇదంతా చక్కని పని. ముక్కులో, చెవుల్లో నూనె పోయడం మాత్రం మానుకోవాలి, అది ప్రమాదం. మెడ నిలిచాక, వెల్లకిలా పడుకుని ముడిచిన కాళ్ల మీద బిడ్డను ఊపే ఆట మొదలుపెట్టొచ్చు. ఆ ఊపులో బిడ్డ ఒళ్లు నిలదొక్కుకోవడం నేర్చుకుంటుంది.

దోబూచికి అవ్వ చెరగు చాలు. మొదట మొహం దాచాలి, తరవాత గుడ్డ కింద గరిటె దాచాలి. కనబడనిది కూడా ఉంటుందన్న తెలివి ఎనిమిదో నెల ప్రాంతంలో వస్తుందని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త జీన్ పియాజే తన పిల్లల్నే గమనించి రాశాడు. గరిటె కోసం గుడ్డ లాగిన రోజున ఆ తెలివి మీ కళ్ల ముందే ఉంటుంది.

నిలబడే ఈడుకు మూడు చక్రాల కొయ్య నడకబండి మేలు. బిడ్డ తన కాళ్ల మీద నిలబడి దాన్ని నెడుతుంది, పక్కన పెద్దవాళ్లుంటే చాలు. నడుం చుట్టూ చట్రంతో కూర్చోబెట్టే ప్లాస్టిక్ వాకర్లను ప్రమాదాల వల్ల కెనడా 2004లోనే నిషేధించింది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మాది చెనక్కాయల సీమ. ఎండిన కాయ ఊపితే గలగలమంటుంది, పిల్లలకు ముచ్చటేస్తుంది. కానీ గొంతులోకి, ఊపిరి గొట్టంలోకి జారే వాటిలో పల్లీ గింజే ముందుంటుంది. కాయలు మూత బిగించిన డబ్బాలో వేసి ఊపండి, చేతికి మాత్రం ఇవ్వకండి.

వాన అంతంతమాత్రంగా పడే మా జిల్లాలో ముందు తిండి, తరవాతే ఆట అనుకోవడం సహజం. జమైకా అనుభవం వేరే చెబుతోంది. 1986-87లో కింగ్‌స్టన్ పేదవాడల్లో ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసివాళ్లను ఎంచుకున్నారు. వాళ్లలో సగంమంది ఇళ్లకు రెండేళ్లపాటు వారానికో గంట ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఇంట్లో చేసిన బొమ్మలతో ఆడించడం తల్లులకు చూపించారు. ఇరవై ఏళ్ల తరవాత ఆ పిల్లల సంపాదన ఆట అందని పిల్లల కన్నా 25 శాతం ఎక్కువని 2014లో తేలింది. అదనంగా తిండి మాత్రమే అందినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు.

మన అంగన్‌వాడీల్లో మాత్రం మూడేళ్లు నిండినవాళ్లకే బడి. అంతకన్నా చిన్నవాళ్లకు ఇంటికి సరుకులు వస్తాయి, ఆట రాదు. ఆ లోటు తీర్చడానికే కేంద్రం 2024లో ‘నవచేతన’ పేరుతో మూడేళ్లలోపు పిల్లలకు నెలవారీ ఆటల ప్రణాళిక విడుదల చేసింది. దానిలో చాలా మటుకు మన అవ్వలకు వచ్చిందే. అయితే పనుల కోసం బెంగళూరు పోయిన కొడుకు, కోడలు బిడ్డను వదిలి వెళితే, ఒంటరి అవ్వకు ఓపిక తగ్గి ఫోను చేతికివ్వడం జరుగుతోంది. ఫోను బిడ్డ కూత కోసం ఆగదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఉగాదికి ఊరొచ్చిన నాయనను చూసి తొమ్మిది నెలల బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఆయన నొచ్చుకోనక్కర్లేదు, ఆ వయసులో కొత్త మొహానికి బెదరడం ఎదుగుదలే. గబుక్కున ఎత్తుకోవద్దు. అవ్వ ఒళ్లో ఉండగానే కాస్త దూరంలో కూర్చుని, తువ్వాలు చాటున మొహం దాచి తీసి, మళ్లీ దాచి, బిడ్డ తనంతట తాను తువ్వాలు లాగేదాకా ఆడాలి.