ఒక్క అక్షరాన్ని వెతికిపట్టే పనితనం

చెవిటికల్లు నుంచి జగ్గయ్యపేట దాకా సన్నన్నం తినే ఇళ్లకు సాంబమసూరిని పరిచయం చేయనక్కర్లేదు. బాపట్లలో పుట్టిన ఆ బీపీటీ 5204 వరిలో ఏ గుణం ఏ జన్యువు మార్పుతో వచ్చిందో పట్టుకునేవారి ఓపికకు చేతులెత్తి మొక్కాలి. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దాని విత్తనాలను ఈఎంఎస్ రసాయనంలో నానబెట్టారు. అది డీఎన్ఏలో అక్కడక్కడా ఒక్కో అక్షరాన్ని మారుస్తుంది. తర్వాతి తరాలను మడిలో నాటి మొక్కమొక్కనూ గాలిస్తారు: కాండం గట్టిదేది, కాండం తొలిచే పురుగును తట్టుకున్నదేది అని. ఇక మ్యూట్‌మ్యాప్ పద్ధతిలో, ఏరిన మొక్కను తల్లి రకంతోనే సంకరం చేస్తారు. రెండో తరంలో ఆ గుణమున్న మొక్కలన్నిటి ఆకుల డీఎన్ఏను కలిపి చదివిస్తారు. వరిలో 12 క్రోమోజోములు, దాదాపు 39 కోట్ల అక్షరాలు. యంత్రం చదివిన చిన్నచిన్న ముక్కలను కంప్యూటర్ తల్లి జన్యుపటం పక్కన పేర్చి పోలుస్తుంది. గుణంతో పొత్తులేని మార్పులు ఆయా చోట్ల ముక్కల్లో సుమారు సగంలోనే కనిపిస్తాయి. అంతర్గత (రిసెసివ్) లక్షణమైతే, దానికి మూలమైన మార్పు ఆ చోటి దాదాపు ప్రతి ముక్కలోనూ ఉంటుంది. కోట్ల అక్షరాల్లో కారణం అలా బయటపడుతుంది! ఆపైన పంట పండేదాకా ఆగకుండా, నారు దశలోనే చిటికెడు ఆకు డీఎన్ఏలో ఆ మార్పు ఉందో లేదో చూసి మంచి మొక్కను ఏరవచ్చు. సన్నగింజ రుచి చెడకుండా రైతుకు బలమైన విత్తనం అందించే దారి చూపుతున్న ఈ పనివారు మన అన్నదాతలకు నిజమైన తోడు.