మూడు రంగుల బొంత

చింతామణి వైపు పల్లెల్లో బొంత కుట్టాలంటే రంగులు ఎంచుకునే వీలు పెద్దగా ఉండదు. ఇంట్లో ఏది చిరిగితే అదే రంగు. మా అవ్వ బొంతలో ఉన్నవి మూడే: తాత పంచెల తెలుపు, ఆమె చీరల ఇటుక ఎరుపు, రవికల ముదురు నీలం.

అయినా ఆ ఎరుపు ఒక్కటి కాదు. కొంగు వైపు ఎండకు వెలిసింది, కుచ్చిళ్ల లోపలి మడత ఇంకా నిగనిగలాడుతోంది. అవ్వ ముక్కలన్నీ నేలమీద పరిచి, కళ్లు సగం మూసి చూసేది. ముదురూ లేతా కలిసిపోయిన చోట ఒక ముక్క తీసి తిప్పి పెట్టేది. రంగులు తక్కువైనప్పుడు వెలుగునీడలే పని చెయ్యాలని ఆ చూపుకు తెలుసు. ఒక మూలన మాత్రం వేలెడంత పసుపుపచ్చ గుడ్డ. కప్పుకున్న ప్రతిసారీ నా చెయ్యి దాన్నే వెతికేది.

ఇక కుట్టు. పాత చీరల పొరల్లో సూది కిందికీ పైకీ పోతుంటే, దారం బిగిసిన చోటల్లా గుడ్డ ముడుచుకుని అలలు లేస్తాయి. ఆ ఓర్పుకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇలా పాత గుడ్డలతో బొంతలు కుట్టేవాళ్లు వేరేచోట్లా ఉన్నారు. ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ తెగ ఆడవాళ్లు బొంతను అంచుల నుంచి మొదలుపెట్టి నడిమికి కుట్టుకొస్తారు. అమెరికాలో గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి స్త్రీలు పొలం బట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ వచ్చాయి.

అవ్వ బొంత మా ట్రంకుపెట్టెలో ఉంది. నీలం బాగా వెలిసింది. పసుపు ముక్క కుట్టు ఒక్కటీ ఊడలేదు.